గ్లాసులో నీళ్ళు ఎందుకు కదలలేదంటే

మా వైపు కొన్నేళ్ళ కిందట ఒక మాట పుట్టింది. పనికిరాని మనిషిని చూసినా, పని చెయ్యని వస్తువును చూసినా "దీనికి గ్లాసు కదల్దు" అంటారు. మోటారు నీళ్ళెత్తకపోతే అంటారు. పెళ్ళికొడుకు బక్కపలచగా ఉంటే అంటారు. నరసన్నపేట బజారులో మాకు ఎలక్ట్రికల్ సామాను కొట్టుంది. గాలి రావడం లేదని ఫ్యాను తెచ్చే రైతు కూడా దాన్ని కౌంటరు మీద పెడుతూ అదే మాటంటాడు. అది ఎవరి మీద పుట్టిందో చాలామందికి తెలీదు. మా బావ మీద పుట్టింది. అతని బాక్సుల మీద పుట్టింది. అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధానికి కారణం నేను. నోరు మూసుకుని కూర్చుని దాన్ని పెంచి పెద్ద చేసిందీ నేనే. జరిగింది జరిగినట్టు ఒకచోట అచ్చులో ఉండాలి. అందుకే రాస్తున్నాను.

బావ అంటే మా మేనత్త కొడుకు, నాకన్నా పెద్దవాడు. మా ఇళ్ళలో ఒకరిది బట్టల కొట్టు, ఒకరిది కిరాణా, ఒకరిది ఇనుప సామాను. బావ మాత్రం బాక్సులు కొన్నాడు. ఊరేగింపుల్లో లారీ మీద వరసలుగా పేర్చి కట్టే పెద్ద స్పీకరు పెట్టెలు, వాటి ఆంప్లిఫయరు, జనరేటరు. షావుకార్ల ఇంట్లో పుట్టి మైకుసెట్టేమిటని మా నాన్న బతికున్నన్నాళ్ళూ సణిగాడు. బావ పట్టించుకోలేదు. నౌపడ వైపు వెళ్ళొచ్చినప్పుడల్లా, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ప్రతి బోల్టునూ కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాడు. వాన మబ్బు కనిపిస్తే ముందు బాక్సుల మీద టార్పాలిన్ కప్పేవాడు, ఆ తర్వాతే తల దాచుకునేవాడు. ఆయన బాక్సులు పాతవనీ, నాసిరకమనీ చెప్పుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతైనా గుర్తు పెట్టుకోవాలి.

మా వైపు బాక్సుల వాళ్ళకు ప్రచారమంటూ ఏమీ ఉండదు. పేరు తెచ్చేదీ, తీసేదీ గ్రామదేవత సంబరమే. అమ్మవారు బయల్దేరే ముందు లారీ ఎదురుగా ఒక పీట వేస్తారు. కమిటీ పెద్ద దాని మీద స్టీలు గ్లాసు పెట్టి, నిండా నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేస్తాడు. పాట మొదలవుతుంది. బాస్, అంటే పాట అడుగున గుండెకు తగిలే బరువైన మోత, గట్టిగా ఉంటే పసుపు నీళ్ళ మీద వలయాలు లేస్తాయి, అంచు దాటి రెండు చుక్కలు పీట మీద పడతాయి. పడితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. పక్క ఊళ్ళ కమిటీల వాళ్ళు చుట్టూ నిలబడి చూస్తారు. వాళ్ళ సంబరాలకూ పెళ్ళిళ్ళకూ ఎవరి బాక్సులు చెప్పాలో అక్కడే, ఆ గ్లాసు చూసే తేల్చుకుంటారు. బావ గ్లాసు ఏ ఊళ్ళోనూ కదలకుండా ఉన్నది లేదు. ఆ ఒక్కసారి తప్ప.

ఇక నా సంగతి. నలభై దాటాక నాకు కంప్యూటరులో పాటలు కట్టే పిచ్చి పట్టింది. ఫోనులో నెట్టు చవకైన రోజులవి. మా అమ్మాయి చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్ ఒకటుంది. మధ్యాహ్నం బేరం లేని వేళ కొట్టు మీది అటకెక్కి, ఫ్యాన్ల అట్టపెట్టెల మధ్య కూర్చుని దరువులు పేర్చేవాణ్ణి. డప్పు వచ్చింది, సన్నాయి వచ్చింది, బాస్ మాత్రం రాలేదు. ఏం చేసినా ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టే ఉండేది. పెంచితే గరగరలాడేది, తగ్గిస్తే మాయమయ్యేది.

దానికోసం ఎన్ని వీడియోలు చూశానో. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. టోపీ తిప్పి పెట్టుకున్న ప్రతివాడూ గురువే. ఒకడు ఈ గుండీ తిప్పమంటాడు, ఒకడు ఆ గుండీ తిప్పమంటాడు. ఇది ఎక్కడ మోగబోతోంది, ఎవరు వినబోతున్నారు అని ఒక్కడూ అడగడు. మిఠాయి కొట్టువాడు కూడా "పెళ్ళికా, ఇంట్లోకా" అని అడిగి పాకం పడతాడు. వీళ్ళకు ఆ పాటి ఇంగితం లేదు. అలాంటి వాడొకడు చెప్పాడు: "బాస్ తేలిపోతోందా? దాన్ని రెండు పక్కలకూ వెడల్పు చెయ్యండి, తల నిండిపోతుంది." చేశాను. ఇయర్‌ఫోన్లలో నిజంగానే తల నిండిపోయింది. రెండు చెవుల మధ్య లారీ ఇంజను నడుస్తున్నట్టుంది. అటక మీద ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

సరిగ్గా అప్పుడే, శ్రీముఖలింగం దారిలో వంశధార పక్కనున్న ఒక ఊరి వాళ్ళు వచ్చారు. సంబరానికి బావ బాక్సులే చెప్పారు. కమిటీ పెద్దాయన ధాన్యం వ్యాపారి, మాకు దూరపు చుట్టం. ఈసారి సినిమా పాటలొద్దు, అమ్మవారి మీద జముకు పాట కావాలి, కానీ కుర్రకారు ఎగరడానికి కింద బాస్ ఉండాలి అన్నాడు. జముకు మా వైపు వాయిద్యం. చిన్న కుండలాంటి డొల్లకు ఒకవైపు తోలు, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగ. తీగ మీటితే గుమ్మని మోగుతుంది. అమ్మవారి కథలు దాని మీదే పాడతారు. పాట తను కట్టిస్తానని బావ మాటిచ్చాడు. నన్ను నమ్ముకునే ఇచ్చాడు.

జముకు పాడే ముసలాయన్ని కొట్టుకు పిలిపించి ఫోనులో రికార్డు చేశాను. దాని కింద నా బాస్ వేశాను. రెండూ ఒకదాన్నొకటి తొక్కేసుకోకుండా, జముకులోని బరువైన గుమ్ము కోసేసి పైశబ్దం మాత్రం ఉంచాను. ఆ బరువు నా బాస్ మోస్తుందిలే అనుకున్నాను. పాట అయ్యాక బావను అటకెక్కించి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాను. బావ కళ్ళు పెద్దవి చేశాడు.

"ఓలమ్మో. ఏటిరా ఇది, గుండెల్లో దిగిపోతన్నాది."

"మరేటనుకున్నావు బావా."

"బాగుంది గానీ, ఓపాలి బాక్సు మీద ఏసి సూద్దాం రా. సెవిలో ఇన్నది ఏరు, బాక్సులో ఇన్నది ఏరు."

"అక్కర్లేదు. ఇయి మామూలు ఇయర్‌ఫోన్లు కాదు, వైజాగు నుంచి తెప్పించినవి. ఇందులో ఉన్నదే అందులో వస్తాది."

"సంబరం కదరా. అమ్మోరి కాడ పరువు."

"నీకు నా మీద నమ్మకం నేదా?"

బావ ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి అటక దిగాడు. ఆ చివరి మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలి. బాక్సులు ఆయన గోడౌనులో, మా కొట్టు నుంచి కేక వేస్తే వినపడేంత దూరంలో ఉన్నాయి. నా పాటకు పరీక్ష అవసరమని ఒప్పుకోవడం నాకు చిన్నతనం అనిపించింది.

సంబరం రోజు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే పీట వేశారు. పెద్దాయన గ్లాసు పెట్టి పసుపు వేశాడు. నౌపడ వైపు నుంచి వచ్చిన కమిటీ వాళ్ళు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళ ఊరి సంబరం, ఆ వెనకే వరసగా పెళ్ళిళ్ళు, అన్నిటికీ బావనే చెప్పాలని వచ్చారు. బావ కొత్త చొక్కా వేసుకుని ఆంప్లిఫయరు పక్కన నిలబడ్డాడు. నేను ఫోను తగిలించి పాట పెట్టాను.

జముకు టింగు టింగుమంది. తాళాలు చిట్‌చిట్‌మన్నాయి. కింద ఏమీ లేదు. ఖాళీ. లారీ నిండా బాక్సులుండగా ఒక చిన్న రేడియో మోగుతున్నట్టుంది. గ్లాసులో నీళ్ళు అద్దంలా నిలబడ్డాయి. అందులో ఆకాశం కనబడుతోంది.

బావ బాస్ గుండీ పెంచాడు. నీళ్ళు కదల్లేదు. ఇంకా పెంచాడు, మొత్తం శబ్దం పెంచాడు. తాళాలు చెవుల్లో సూదుల్లా దిగాయి, పిల్లలు చెవులు మూసుకున్నారు, నీళ్ళు మాత్రం కదల్లేదు.

"ఏటి బావూ, బాక్సుల్లో దూదెట్టినావేటి?" అన్నాడు వెనక నుంచి ఎవడో.

"జముకోడి సేతిలో ఉన్నపాటి మోత కూడా నేదు లారీలో," అన్నాడు పెద్దాయన, అందరికీ వినబడేలా.

"ఓ సినిమా పాట ఏత్తాను మావా, ఒక్కటి. అప్పుడు సూడు," అన్నాడు బావ.

"అమ్మోరి పీట ముందు సినిమా పాటేటిరా? ఉన్నదాన్నే పెంచు."

బావ పెంచాడు. లేనిదాన్ని ఎంత పెంచినా లేదు. ఉన్నదల్లా చిట్లిపోయింది. కింది వరసలో రెండు బాక్సుల్లోంచి కాలిన వాసన వచ్చింది, ఆ తర్వాత సన్నగా పొగ. లోపలి తీగచుట్టలు కాలిపోయాయి. జనం నవ్వారు. బావ స్విచ్చి కట్టేశాడు. అమ్మవారు ఆ యేడు మామూలు డప్పుల మీదే ఊరేగింది. నౌపడ వాళ్ళు బావకు బేరం చెప్పకుండానే వెళ్ళిపోయారు. నేను లారీ పక్కనే ఉన్నాను. బాక్సుల వైపు అనుమానంగా చూశాను. అవును, నేను కూడా.

ఆ తర్వాత జరిగిందానికే నాకు ఇప్పటికీ కోపం. కుర్రాళ్ళు ఆ పాటను ఫోనుల్లో ఒకరికొకరు పంపుకున్నారు. ఇయర్‌ఫోన్లలో వింటే బాస్ బ్రహ్మాండంగా ఉంది మరి. దాంతో తీర్పు ఖాయమైంది: పాట బంగారం, బాక్సులు తుక్కు. బజారులో నన్ను ఆపి భుజం తట్టేవాళ్ళు. "అంత పాటని సెడగొట్టీసినాడు మీ బావ," అనేవాళ్ళు. నేను తల వంచుకునేవాణ్ణి, వినయంగా. ఆ వినయం తలుచుకుంటే ఇప్పటికీ చీదర.

బావ కాలిన వాటిని బాగు చేయించాడు. సినిమా పాటలు పెట్టి, వచ్చిన ప్రతివాడికీ వినిపించాడు. మోత వీధి చివరి దాకా వెళ్ళేది. "బాగు సేయించినాక బాగానే ఉంటాయి బావూ. అమ్మోరి ముందు నేవు కదా," అనేవాళ్ళు. ఇలాంటి వాదనకు ఎవడు మాత్రం ఏం జవాబు చెబుతాడు?

నాకు నిజం తెలిసింది మా కొట్టులోనే. ఒకాయన ఇంట్లోకి స్పీకరు కావాలని వచ్చాడు. పొడుగ్గా నిలబడే రకం, లోపల ఒకే పెద్ద స్పీకరు. గొప్పకోసం నా పాటే పెట్టాను. అదే టింగు టింగు. అదే ఖాళీ. తీగ సరిగ్గా ఎక్కలేదేమోనని ఫోనులోని పిన్ను కొంచెం బయటికి లాగాను. గుమ్మని బాస్ వచ్చేసింది, కౌంటరు మీది గాజుపలక అదిరింది. పూర్తిగా దోపాను, పోయింది. లాగాను, వచ్చింది. బేరానికొచ్చినాయన "ఇది పాడైపోయిన సరుకేమో" అని లేచి వెళ్ళిపోయాడు.

స్పీకరు పాడవలేదు. పిన్ను సగం లాగినప్పుడు ఒక వైపు శబ్దమే వెళుతోంది. పూర్తిగా దోపితే రెండు వైపులవీ ఒకే స్పీకరులో కలుస్తున్నాయి. వెడల్పు చేసే ఆ గుండీ చేసిన పని ఇది: ఎడమ చెవికి వెళ్ళే బాస్ ముందుకు తోస్తున్నప్పుడు, కుడి చెవికి వెళ్ళేది అంతే బలంగా వెనక్కి లాగుతుంది. చెవులకు విడివిడిగా వెళ్ళినంతసేపూ అది బ్రహ్మాండం. రెంటినీ ఒకచోట కలిపితే ఒకటి తోసింది రెండోది లాగేస్తుంది, ఏమీ మిగలదు. మా వైపు ఊరేగింపు బాక్సుల వాళ్ళందరూ రెండు వైపుల తీగలనూ ఒకటిగా కలిపే కడతారు. లారీకి ఎడమ పక్క నడిచేవాడికీ, కుడి పక్క నడిచేవాడికీ పాట మొత్తం వినబడాలి కదా. అది మంచి పద్ధతి. ఎలక్ట్రికల్ కొట్టు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి, బావ తీగలు అలా కలపడం నా కళ్ళతో చూసినవాణ్ణి, నాకు తట్టలేదు. బాక్సుల్లో లోపమేమీ లేదు. వాటికి అందవలసిన బాస్‌ను నేను దారిలోనే చంపేశాను.

ఆ పూటే వెళ్ళి బావకు చెప్పాల్సింది. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఇంకో ఊరి నుంచి పాట కట్టమని కబురొచ్చింది. అది కట్టాక చెబుదాం అనుకున్నాను. ఒకరోజు బావే కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒరే, నిజం సెప్పు. నీ పాటలో ఏటైనా తేడా ఉందేటిరా? సినిమా పాటలకి నా బాక్సులు బాగానే కొడతన్నాయి."

నేను బల్బు డబ్బాలు సర్దుతూ అన్నాను: "పాటలో ఏటుంటాది బావా. అందరూ ఇయర్‌ఫోన్లో ఇంటన్నారు కదా."

"అవున్లే," అన్నాడు బావ. టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ సీజను అయ్యేసరికి బాక్సులు, జనరేటరు అమ్మేశాడు. ఇప్పుడు మా పెద్దన్నయ్య బట్టల కొట్టులో కూర్చుంటున్నాడు. చీరలు మడతపెట్టే పని.

బాస్ ఎలా నిలబెట్టాలో నేను తర్వాత నేర్చుకున్నాను, మనిషి పోయాక వైద్యం నేర్చుకున్నట్టు. దాన్ని వెడల్పు చెయ్యకూడదు, నడిమధ్యన స్తంభంలా నిలబెట్టాలి. దరువు పడ్డ క్షణం బాస్ కొంచెం పక్కకు తప్పుకోవాలి, ద్వారం దగ్గర ఒకరు వెళ్ళాక ఒకరు వెళ్ళినట్టు. చిన్న ఫోనులో కూడా తెలియడానికి దానికి పైన కాస్త గరుకు అద్దాలి. అన్నిటికన్నా ముందు, ఎక్కడ మోగాలో అక్కడ పెట్టి వినాలి. బావ అడిగింది ఆ ఒక్కటే.

ఇన్నేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో ఇది బయటపడింది. భోజనాల దగ్గర ఆ కమిటీ పెద్దాయన మా ఎదురు వరసలో కూర్చున్నాడు. వడ్డించే కుర్రాడు సాంబారు గరిటె నిండా ముంచలేకపోతే "ఏరా, నీకూ గ్లాసు కదల్దేటి?" అన్నాడు. వరసంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న బావ కూడా నవ్వాడు. తన మీద పుట్టిన మాటకు తానే నవ్వి, తల దించుకుని పులిహోర కలుపుకున్నాడు. అది నేను చూడలేకపోయాను. విస్తరి ముందు నుంచి లేచి నిలబడి అంతా చెప్పాను. గుండీ సంగతి, తీగ సంగతి, కొట్టులో తెలిసిన సంగతి, తెలిసీ దాచిన సంగతి. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

పెద్దాయన నిదానంగా విన్నాడు. వేళ్ళు నాక్కుని నవ్వాడు.

"బామ్మర్దివి కదా. ఎనకేసుకొత్తన్నావు. మంచిదే. కూకో, బువ్వ తిను."

"ఎనకేసుకు రావడం కాదు మావా, నిజం సెప్తన్నాను."

"నిజమైతే ఇన్నేళ్ళూ ఏటి సేసినావు?"

మళ్ళీ నవ్వారు. ఆ ప్రశ్నకు వాళ్ళకు జవాబు అక్కర్లేదు. పొగ చూశారు, నవ్వారు, ఒక మాట పుట్టించుకున్నారు. అది ఇప్పుడు వాళ్ళ ఆస్తి. ఒక మనిషి పనిని నాశనం చేసిన మాట తప్పని తెలిసినా వదులుకోరు, నోటికి అలవాటైంది కాబట్టి.

మర్నాడు మధ్యాహ్నం బావ ఆటోలో ఒక బాక్సు వేసుకుని కొట్టుకొచ్చాడు. అన్నీ అమ్మినా ఒకటి ఉంచుకున్నాడని నాకు తెలీదు. ఆ రోజు కాలనిది. వాళ్ళ ఇంట్లో దాని మీద బియ్యం డబ్బా పెట్టుకుంటున్నారట. బోల్టులు మెరుస్తున్నాయి.

"ఆ పాట ఏయి," అన్నాడు.

కొట్టులోని ఆంప్లిఫయరుకు రెండు తీగలూ ఒకటిగా కలిపి తగిలించాను. బాక్సు ముందు స్టూలు వేసి, గ్లాసుతో నీళ్ళు బావే పెట్టాడు. పాత పాట వేశాను. నీళ్ళు నిలబడిపోయాయి. అదే పాటను బాస్ మధ్యన నిలబెట్టి, జముకు గుమ్ము తిరిగి దానికిచ్చి నేను మళ్ళీ కట్టుకున్నది ఒకటుంది. అది వేశాను. వలయాలు లేచాయి. అంచు దాటి చుక్కలు స్టూలు మీద పడ్డాయి. షట్టరు గలగలలాడింది. ఎదురు కొట్టు వాళ్ళు బయటికి వచ్చి చూశారు.

బావ బాక్సు చెక్క మీద అరచెయ్యి ఆనించి, పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"నాను అడిగిన రోజు సెప్పుంటే, ఈ గ్లాసట్టుకుని నౌపడ ఎల్దును. ఆల ముందెట్టి ఇలాగే సూపిద్దును."

"తప్పే బావా."

"తప్పని నాకూ తెలుసు."

గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగాడు. గ్లాసు స్టూలు మీద బోర్లించాడు.

"ఈ బాక్సు నీ కాడే ఉంచు. ఆ మాటన్నోడికల్లా ఏసి సూపించు. నువ్వే సూపించాలి," అని చెప్పులేసుకుని బట్టల కొట్టుకు వెళ్ళిపోయాడు.

బాక్సు ఇప్పుడు మా కౌంటరు పక్కనే ఉంది. దాని మీద స్టీలు గ్లాసుంది. కొట్టులో ఎవరు ఆ మాటన్నా నేను బేరం ఆపేసి, నీళ్ళు పోసి, రెండు పాటలూ వేసి చూపిస్తాను. కొందరు విసుక్కుంటారు. కొందరు చూసి, బావ పేరడిగి వెళతారు. ఒక రైతు ఫ్యాను సంగతి మర్చిపోయి నేరుగా బట్టల కొట్టుకు వెళ్ళి బావను పలకరించి వచ్చాడు. కమిటీ పెద్దాయనకు రెండుసార్లు కబురు పెట్టాను. ఇంకా రాలేదు.